బీడు భూములు, బట్టమేక పక్షి, పాడి రైతు

(ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. ఇతర సభ్య సంఘాలకు కూడా ఉపయోగపడగలదని ప్రచురిస్తున్నాం.)



మేము ఈ సంఘానికి వచ్చినప్పుడల్లా మాట్లాడే సంగతులు మీకు తెలిసినవే. వెన్న శాతం, నిల్వ పుస్తకం, బకాయిలు, బోనసు, ఎన్నికలు. ఈసారి వాటిని కాస్త పక్కన పెడుతున్నాం. మొన్న తనిఖీలో మీ మినిట్సు పుస్తకం తిరగేస్తుంటే ఒక తీర్మానం ముసాయిదా కనబడింది. ఊరికి ఉత్తరాన ఉన్న పట్టా బీడు అంతటినీ వానలు పడగానే సంఘం పూచీ మీద ట్రాక్టర్లు పెట్టి దున్నించాలనీ, ఖర్చు పాల బిల్లులో కోత కోసుకోవాలనీ రాశారు. కార్యదర్శిని పిలిచి అడిగాం. “సార్, అడవి శాఖవారు గడ్డి భూముల్లో పక్షులను లెక్క పెడుతున్నారట. బట్టమేక పిట్ట కనబడిందంటే పట్టాలు పోతాయట. పోకముందే దున్నేస్తే గొడవ ఉండదు కదా” అన్నాడు.

ఈ విషయం మీద మీరు ఈ రోజు చేయి ఎత్తబోతున్నారు. ఎత్తే ముందు మాకు తెలిసిన నాలుగు మాటలు వినండి. ఎటు ఎత్తాలో చెప్పే అధికారం మాకు లేదు. లెక్క ముందు పెట్టే బాధ్యత మాత్రం ఉంది.

మొదట ఒక మాట ఒప్పుకోవాలి. మీ భయం తెలివితక్కువది కాదు. అటువంటివి జరిగాయి. మన దగ్గరా జరిగాయి, ఉత్తరాదినా జరిగాయి, అమెరికాలోనూ జరిగాయి.

మన రోళ్ళపాడు సంగతి మీకందరికీ తెలుసు. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. విస్తీర్ణం 614 హెక్టార్లు, అంటే సుమారు 1,500 ఎకరాలు. ఈ పక్షి సామాన్యమైనది కాదు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే బహు తక్కువ. చెట్టెక్కదు, గూడు కట్టదు. గడ్డి నేల మీదనే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే. ఆ ఒక్క గుడ్డు గొర్రె కాలి కింద పడినా, కుక్క నోట పడినా ఆ ఏటి సంతానం పోయినట్లే. అందుచేత అక్కడ కొంత నేలకు కంచె వేసి పశువులను రానీయకుండా చేశారు. గడ్డి బాగా పెరిగింది. పక్షికి మేలే జరిగింది.

గడ్డి పెరిగితే దాన్ని తినేవారు ఊరుకోరు గదా. కృష్ణజింకలు పెరిగాయి. మొదట్లో వేళ్ళ మీద లెక్క పెట్టగలిగినవి తర్వాత వందలయ్యాయి. జింకకు కంచె తెలియదు. పగలు అభయారణ్యంలో ఉండి, రాత్రి పక్క చేలలో పడేవి. జొన్న పోయింది, శనగ పోయింది. జింకను కొట్టరాదు, చట్టం ఒప్పదు. పైగా అది మన రాష్ట్ర జంతువు. పక్షి కోసమని మొదలుపెట్టిన పని రైతుకు జింకల రూపంలో ఇంటికి వచ్చింది. రైతు కోపం జింక మీద పోలేదు, పక్షి మీదకు పోయింది. “ఈ పిట్ట రాకపోతే మాకీ బాధ ఉండేది కాదు” అన్నారు. ఇంతలో చుట్టుపక్కల కాలువ నీళ్ళు వచ్చాయి, బీళ్ళు పోయి పత్తి వచ్చింది. ఈ రోజు రోళ్ళపాడులో బట్టమేక కనబడటం గగనమైపోయింది. జింకలు మాత్రం ఉన్నాయి.

ఇంతకన్నా కష్టమైన కథ మధ్యప్రదేశ్‌లోని శివపురి జిల్లా కరేరాది. ఇదే పక్షి కోసం 1981లో అక్కడ 202 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. అంటే సుమారు 50,000 ఎకరాలు. అందులో అడవి శాఖ భూమి స్వల్పం. మిగిలినదంతా రైతుల పొలాలు, రెవెన్యూ బంజరు, ముప్పైకి పైగా ఊళ్ళు. ఊళ్ళు ఊళ్ళుగానే ఉన్నాయి, పొలాలు దున్నుకుంటూనే ఉన్నారు. మరి వచ్చిన కష్టమేమిటి?

ఇక్కడ సహకార శాఖవారిగా మాకు అర్థమయ్యే సంగతి ఒకటి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 20వ సెక్షను ఉంది. అభయారణ్యం ప్రకటన వెలువడిన తర్వాత ఆ హద్దుల్లోని భూమి మీద వారసత్వంగా గాని, వీలునామా ద్వారా గాని తప్ప కొత్తగా ఎవరికీ ఏ హక్కూ కలగరాదని అది చెబుతుంది. తండ్రి పొలం కొడుక్కి వస్తుంది, కాని అమ్ముదామంటే కుదరదు. అమ్మకం కుదరని భూమిని ఏ బ్యాంకు తాకట్టు పెట్టుకుంటుంది? దీర్ఘకాలిక రుణం ఎవరిస్తారు? ఆడపిల్ల పెళ్ళికి ఎకరా అమ్ముకునే రైతు, గేదెలు కొనడానికి రెండెకరాలు కుదువ పెట్టే రైతు, వాళ్ళ చేతులు కట్టివేసినట్లయింది. పొలం కళ్ళ ముందు ఉంది, విలువ మాత్రం లేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో వినండి. అక్కడా జింకలు పెరిగాయి, అక్కడా పంటలు పోయాయి. జనం మనసు విరిగింది. 1990ల మధ్యకల్లా కరేరాలో బట్టమేక పక్షి కనబడటం మానేసింది. పక్షి పోయింది గాని నిబంధన పోలేదు. లేని పక్షి కోసం ఆ ఊళ్ళవారు మరో పాతికేళ్ళకు పైగా భూమి అమ్ముకోలేక అవస్థపడ్డారు. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత గాని ఆ అభయారణ్యం హోదా తీసివేయటం జరగలేదు.

మహారాష్ట్రలో షోలాపూర్ వైపు ఇదే పక్షి కోసం 1979లో ప్రకటించిన అభయారణ్యం మరీ పెద్దది. 8,496 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 21 లక్షల ఎకరాలు. పట్నాలు, రహదారులు, చెరకు తోటలు అన్నీ అందులోకే వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత సుప్రీంకోర్టు దాకా పోయి దాన్ని 1,222 చదరపు కిలోమీటర్లకు తగ్గించుకున్నారు. కాగితం మీద గీత గీయటం తేలిక. గీసిన గీతను చెరపటానికి ఒక తరం పడుతుంది.

ఇక పాడివారికి ప్రత్యేకంగా చెప్పవలసినది రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కథ. అక్కడి కేవలాదేవ్ నీటి పక్షుల ఉద్యానవనం విస్తీర్ణం 29 చదరపు కిలోమీటర్లే అయినా ప్రపంచ ప్రసిద్ధి గలది. తరతరాలుగా చుట్టుపక్కల ఊళ్ళ గేదెలు ఆ మడుగుల్లో దిగి మేసేవి. జాతీయ ఉద్యానవనం అయ్యాక 1982 నవంబరులో మేత పూర్తిగా బందు చేశారు. గ్రామస్థులు ఎదురు తిరిగారు. పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు.

గేదెలు ఆగిపోయిన తర్వాత పక్షులు పెరగాలి గదా? అలా జరగలేదు. నీటిలో ఒక రకం తీగ గడ్డి విపరీతంగా అల్లుకుపోయింది. అంతకు ముందు దాన్ని గేదెలు మేసి అదుపులో ఉంచేవి. గడ్డి మూసేసరికి తేట నీరు తగ్గింది, చేపలు తగ్గాయి, బాతులు దిగటానికి చోటు తగ్గింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు 1980 నుంచి 1990 వరకు పదేళ్ళు అక్కడే ఉండి పరిశీలించి తేల్చినదేమంటే, మేత నిషేధం పక్షులకే చెరుపు చేసిందని. తర్వాత గ్రామస్థులకు అనుమతి పత్రాలిచ్చి గడ్డి కోయించవలసి వచ్చింది. అంటే గేదె చేసే పనిని మనిషి చేత కొడవలితో చేయించారన్నమాట. అక్కడి గేదె పాలతో పాటు పక్షులకు కూడా సేవ చేసిందని అది మేయటం మానేశాకనే తెలిసింది.

ఇది మన దేశపు అధికారుల లోపమని సరిపెట్టుకోవటానికి లేదు. అమెరికాలో అంతరించిపోయే జీవుల చట్టం 1973లో వచ్చింది. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో ఒక రకం వడ్రంగి పిట్ట ఉంది. అది ముసలి పైన్ చెట్లలోనే తొర్ర తొలుస్తుంది. తోటలో ఆ పిట్ట చేరితే చుట్టూ ఉన్న చెట్లు కొట్టరాదు. యజమానికి పరిహారం లేదు. అందుకని పిట్టలు దగ్గరలో ఉన్న తోటల యజమానులు చెట్లు ముదరకముందే కొట్టివేశారు. ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఉత్తర కరోలినా తోటల లెక్కలు తీసి 2003లో ఆ సంగతి ప్రకటించారు. పిట్టను కాపాడే చట్టమే పిట్ట ఉండే చెట్టును కొట్టించిందన్నమాట. మీ తీర్మానం ముసాయిదా చదివినప్పుడు మాకు గుర్తుకు వచ్చింది ఆ తోటలే. వాళ్ళు గొడ్డలి పట్టారు, మీరు ట్రాక్టరు పిలుస్తున్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందో మన సంఘం లెక్కలోనే చెప్పుకుందాం. చిక్కని పాలు పోసిన వారికి ధర తగ్గిస్తామనీ, నీళ్ళ పాలు పోసిన వారి జోలికి పోమనీ సంఘం ఒక నిబంధన పెట్టిందనుకోండి. వారం తిరక్కుండా కేంద్రానికి ఏ పాలు వస్తాయి? సభ్యులు చెడ్డవారని కాదు, నిబంధన అలా ఉంది. గడ్డి భూముల విషయంలోనూ అంతే. తాత నాటి నుంచి బీడును బీడుగా కాపాడిన రైతు ఇంటికి ఆంక్షలు వస్తాయి. పదేళ్ళ కిందటే దున్ని పత్తి వేసిన రైతుకు ఏ ఆంక్షా ఉండదు. మేలు దేశానికంతటికీ, ఖర్చు ఒక్క ఇంటికి. ఆ ఖర్చును అందరూ పంచుకోనంత కాలం ట్రాక్టరు తిరుగుతూనే ఉంటుంది.

ఇంతవరకు విని “అయితే దున్నటమే మంచిదని ఇన్స్పెక్టరే చెప్పాడు” అని లేవకండి. రెండో వైపు కూడా వినాలి.

ఈ పక్షి నిజంగానే చివరి దశలో ఉంది. దేశం మొత్తం మీద మిగిలినవి రెండు వందలకు లోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్ జైసల్మేర్ వైపు. దానికి అభయారణ్యాలు ఒక్కటే కారణమంటే అబద్ధం. వేట ఉంది, సాగు ఉంది, కరెంటు తీగలు ఉన్నాయి. బరువైన పక్షి కనుక ఎదురుగా ఉన్న తీగను చూసి చప్పున పక్కకు తప్పుకోలేదు. కాపాడవలసిన అవసరం లేదని మేము అనటం లేదు. కాపాడే పద్ధతిలో రైతును లెక్కలోకి తీసుకోలేదని మాత్రమే అంటున్నాం.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెబుతాం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మరొక ఊరి సంఘానికి తనిఖీకి వెళ్ళాం. అక్కడా ఇదే పుకారు. ఒక పెద్దాయన మమ్మల్ని అడిగాడు: “చదువుకున్నోళ్ళు, మీరే చెప్పండి సార్, ఏం చేయమంటారు?” సహకార డిప్లొమా చేతిలో పట్టుకుని కొత్తగా వచ్చిన మేము ఆలోచించకుండా చెప్పాం: “దున్నేయండి. అడంగల్లో పంట పేరు ఎక్కితే ఎవరూ అడగరు.” వాళ్ళు మా మాట నమ్మి దున్నారు.

ఏ అభయారణ్యమూ రాలేదు. అడవి శాఖవారు ఆ ఊరి వైపు తొంగి కూడా చూడలేదు. జానెడు లోతున రాయి తగిలే నేల అది. మొదటి ఏడు గింజలు వచ్చాయి, రెండో ఏడు పెట్టుబడి రాలేదు, మూడో ఏడు వదిలేశారు. నెండ్ర గడ్డి, గరిక తిరిగి రాలేదు, ముళ్ళ కంప వచ్చింది. వట్టిపోయిన గేదెలు, పెయ్యలు వానాకాలమంతా ఖర్చు లేకుండా మేసిన చోటు పోయింది. ఎండుమేత కొని మేపలేక ఒక్కొక్కరే సంతకు తోలారు. రోజుకు మూడు క్యాన్లు పోసిన ఆ కేంద్రంలో ఒక క్యాను నిండటం కష్టమైంది. కొన్నేళ్ళకు ఆ సంఘాన్ని మూసివేసే కాగితాలు మా చేతి మీదుగానే వెళ్ళాయి. సంతకం పెడుతుంటే ఆ పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుకని ఈసారి ముందుగానే చెబుతున్నాం. బీడు పక్షికి ఇల్లు కావచ్చు. మనకు మాత్రం అది మేత. పాలిచ్చే గేదెకు దాణా పెడతాం, పచ్చిమేత కోసి వేస్తాం. వట్టి గొడ్డుకు, దూడకు ఎవరు పెడతారు? రేపటి పాలు ఆ బీటిలో మేస్తున్న పెయ్యలోనే ఉన్నాయి.

మరి ఏం చేయాలి? చట్టం మనకు ఇచ్చినదేమిటో ముందు తెలుసుకోవాలి.

ఒకటి. పక్షి దిగినంత మాత్రాన పట్టా పోదు. దాన్ని చంపరాదు, గుడ్లు పాడు చేయరాదు, అంతవరకు నిజం. భూమిని అభయారణ్యంలో చేర్చాలంటే ప్రభుత్వం హద్దులతో సహా ప్రకటన చేయాలి. కాబట్టి ఎవరైనా “వస్తోందట” అంటే “కాగితం చూపించు” అని అడగండి. పుకారుకు ట్రాక్టరు కట్టకండి.

రెండు. ప్రకటన వస్తే కలెక్టరు స్థానిక భాషలో ఊరూరా ప్రకటించాలి. అప్పటి నుంచి రెండు నెలల్లో మీ హక్కులేమిటో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. చాలామంది రైతులు నష్టపోయేది ఇక్కడే, గడువు దాటిపోతుంది. పట్టా ఒక్కటే హక్కు కాదు. మేత, బాట, బావి, వాగు నీళ్ళు కూడా రాసి ఇవ్వాలి. కలెక్టరు ఆ భూమిని హద్దుల నుంచి తప్పించవచ్చు, పరిహారమిచ్చి తీసుకోవచ్చు, లేదా హక్కును కొనసాగనివ్వవచ్చు. హక్కుల సంగతి తేలేదాకా వంటచెరకుకు, పశుగ్రాసానికి ప్రత్యామ్నాయం చూపవలసిన బాధ్యత ప్రభుత్వానిదని 18-ఏ సెక్షను చెబుతోంది. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

మూడు. ఇప్పటినుంచే ఏ సర్వే నంబరులో ఎవరి పశువులు ఎన్ని మేస్తున్నాయో సంఘం ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. నోటి మాట కచేరీలో చెల్లదు, పుస్తకం చెల్లుతుంది. టీకాల రిజిస్టరు కూడా సక్రమంగా ఉండాలి. అభయారణ్యానికి ఐదు కిలోమీటర్ల లోపు పశువులకు అంటువ్యాధుల టీకాలు వేయించే ఏర్పాటు చట్టంలో ఉంది. టీకా వేయని పశువును లోపల మేపరాదని కూడా ఉంది. మన పశువుల నుంచి అడవి జంతువులకు, వాటి నుంచి మన పశువులకు రోగం రాకుండా చేసినదే ఆ నిబంధన.

నాలుగు. జింకలు పంట తింటే ఆ రోజే ఫోటో తీసి, అడవి శాఖ కచేరీలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. వారం తర్వాత పోతే తిన్నది జింకో ఎనుమో ఎవరికి తెలుస్తుంది?

ఐదు. 2002 సవరణతో కమ్యూనిటీ రిజర్వు అనే ఏర్పాటు వచ్చింది. ఊరివారు గాని, భూమి గలవారు గాని తామే ముందుకు వస్తేనే అది ఏర్పడుతుంది, ఊరి కమిటీయే నిర్వహిస్తుంది. కాని ఒకసారి ఒప్పుకున్నాక కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ భూమిని మరో పనికి మార్చటానికి వీల్లేదు. అందుచేత తొందరపడి ఒప్పుకోవద్దు, తొందరపడి కాదనవద్దు. అందరూ కూర్చుని షరతులు చదివాక నిర్ణయించుకోండి.

అమెరికావారు కూడా తమ తప్పు నుంచి కొంత నేర్చుకున్నారు. 1995లో ఉత్తర కరోలినాలోనే కొత్త ఒప్పందం మొదలుపెట్టారు. ఇప్పుడు నీ తోటలో ఉన్న పిట్టలను కాపాడు, నీ మంచితనం వల్ల రేపు పిట్టలు పెరిగితే ఆ పెరిగిన వాటి పేరు మీద కొత్త ఆంక్ష పెట్టం అని ప్రభుత్వం రాసి ఇచ్చింది. గొడ్డలి పట్టిన చాలామంది దాన్ని కింద పెట్టారు. మన దగ్గరా అటువంటి మాట రాసి ఇమ్మని అడగవలసిన పని సంఘాలది, సమాఖ్యది. బీడును కాపాడినందుకు ఎకరానికి ఇంత అని ఇవ్వమని అడగటం తప్పు కాదు. చిక్కని పాలకు ఎక్కువ ధర ఇవ్వటం లాంటిదే అది. ఒక్క రైతు అడిగితే అర్జీ, వంద సంఘాలు అడిగితే విధానం.

ఇక మీ ముసాయిదా. ఒకవేళ దున్నాలనే నిర్ణయిస్తే ఒక లెక్క వేసుకోండి: ఆ బీటి మీద మేసే పశువులకు వానాకాలం నాలుగు నెలలకు మేత కొనాలంటే ఎంతవుతుంది, ఆ ఖర్చు ఎవరి పాల బిల్లులో కోస్తారు? బీడు లేని కూలి కుటుంబాలు, ఒక్క గేదెతో బతికే ఒంటరి ఆడవాళ్ళు కూడా ఈ సంఘంలో సభ్యులే. వాళ్ళ గేదెలు మేసేది కూడా అక్కడే. వాళ్ళు ఈ రోజు వెనక వరుసలో కూర్చున్నారు. ఆ లెక్క చదివాక, ముందు వాళ్ళను మాట్లాడనిచ్చి తర్వాత చేతులు ఎత్తండి.

ఓటు లేదు కనుక మేము బయట కూర్చుంటాం. తీర్మానం ఏదైనా సరే, ఎవరు ఎటు అన్నారో పేర్లతో సహా మినిట్సులో రాయించండి. వచ్చే తనిఖీకి వచ్చినప్పుడు మొదట చూసేది ఆ పేజీయే.